రెండో సంపుటం, తొంభై ఏడో పేజీ

ముప్పై నాలుగేళ్లు ఇన్నీసుపేటలో
కోదండపాణి ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను.
తప్పుకి పావలా కోత.
ఒకసారి వధువులో కొమ్ము రాలిపోయి
ద్రాక్షారామం పెళ్లివారు కర్రలతో వచ్చారు.
ఆ నెల జీతం బియ్యానికి సరిపోయింది.

అలాంటివాణ్ణి
తప్పు కోసం వెతుకుతూ తిరిగాను.

నూట డెబ్బై ఏళ్ల కిందటి ఇంగ్లీషు నవల.
రాసినాయన పేరు చెప్పను,
చెబితే సుబానీ రేటు పెంచుతాడు.
మొదటి అచ్చు మూడు సంపుటాలు.
అందులోనూ ముందు బయటికొచ్చిన కొన్ని ప్రతుల్లోనే
రెండో సంపుటం, తొంభై ఏడో పేజీ,
కింది నుంచి నాలుగో వరుసలో
హౌస్ అన్న మాటకి 'యు' తలకిందులై
'ఎన్' అయి కూర్చుంది.
తర్వాత ఎవరో చూశారు, మిషను ఆపారు, సరిచేశారు.
సరైనది ఎక్కడైనా దొరుకుతుంది.
తప్పుదే వెల.

ఈ సంగతి రాజ్యానికి చెబితే
"మరి మీ పావలాలు వెనక్కిస్తారా?" అంది.

మొదటి సంపుటం చొప్పెల్ల లాకుల దగ్గర
పాత బంగళా వేలంలో దొరికింది,
విరిగిన కుర్చీ, రెండు లాంతర్లతో కలిపి ఒకే పాట.
అట్ట మీద ఎనభై ఆరు వరద గీత గీసి పోయింది
గోధుమరంగులో, స్కేలు పెట్టినంత తిన్నగా.
మూడోది సుబానీ ఇచ్చాడు,
కోటిపల్లి బస్టాండు పక్క తూకం కాగితాల కొట్టు.
కిలో తొమ్మిది రూపాయల లెక్కన
ఆరువందల గ్రాములు తూగింది
ఆ మహానుభావుడి ముగింపు.

ఎలా మొదలైందో తెలుసు, ఎలా ముగిసిందో తెలుసు.
పందొమ్మిదేళ్లు మధ్యలో ఏం జరిగిందో తెలీదు.
చవక ప్రతి కొనుక్కుని చదవచ్చుగా అంటారు మీరు.
నాది ఆకలి కాదండీ, జిహ్వ.

మొన్న భాద్రపదంలో సీతారామపురం నుంచి కబురు.
కడలి వరహాలమ్మ లేసు అల్లుతుంది.
అల్లిన పువ్వులు ముడతపడకుండా
లావాటి పుస్తకంలో పెట్టి
పైన రుబ్బురోలు పొత్రం ఎత్తుతుంది.
ఆ పుస్తకం.
అత్తగారి అత్తగారి అత్తకి
సూది పట్టడం నేర్పిన దొరసాని ఇచ్చి వెళ్లిందట.
"మంచి బరువండీ" అంది వరహాలమ్మ, మెచ్చుకుంటూ.

తెరిస్తే ప్రతి పేజీ మీదా
లేసు పువ్వుల నొక్కులు,
సిరా లేని ఇంకో అచ్చు.
కేటలాగు రాసేవాళ్లు దీన్ని లోపం అంటారు.

తొంభై ఐదు. అంటుకుపోయిన కాగితం,
ఊది ఊది విడదీశాను.
తొంభై ఏడు.
ఉంది.
ఇల్లు తలకిందులై ఉంది.
దాని మీద
సన్నటి పెన్సిలు గీత.
మార్జిన్‌లో 'యు', పక్కన ఏటవాలు గీత,
ముప్పై నాలుగేళ్లు నేను పెట్టిన గుర్తే.

ఎవరు తల్లీ నువ్వు?
ఓడలో అన్ని నెలలు, కాలవ మీద పడవలో రెండు రాత్రులు,
దోమతెరలో దీపం పెట్టుకుని
ఎవరూ జీతం ఇవ్వకపోయినా
ఒక్క అక్షరాన్ని తిన్నగా నిలబెట్టందే
నిద్ర పట్టలేదా నీకు?

గీత లేకపోతే మద్రాసువాళ్లు రెట్టింపిస్తారని
సుబానీ ముందే చెప్పాడు.
సంచిలోంచి రబ్బరు తీశాను కూడా.
అబద్ధమెందుకు.

మళ్లీ సంచిలో పడేశాను.
దీని వెల ఇంత అని వరహాలమ్మకి చెప్పాను.
నవ్వింది, నమ్మలేదు.
"బరువుకి బరువు ఇచ్చేయండి, చాలు."
మూడు నెలల పింఛను బలవంతాన కొంగున కట్టించి
(రాజ్యానికి రెండు నెలలదనే చెప్పాను)
మర్నాడు నా నిఘంటువు మోసుకెళ్లి ఇచ్చాను,
పేజీల అంచులన్నీ నా బొటనవేలు తిన్నవే.
చేత్తో ఎత్తి చూసింది.
"ఇదింకా బాగుందండి" అంది.

ఇప్పుడు చదువుతున్నాను, రోజుకి పది పేజీలు,
మధ్యలో ఏం జరిగిందో.
నిన్న రాత్రి ఇంకో తప్పు కనిపించింది.
ఏ జాబితాలోనూ లేదు. దొరసానీ చూడలేదు.
ఆవిడ దీపంలో నూనె అయిపోయిందేమో.
పెన్సిలు చెక్కాను.
చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

ఏ పేజీయో మాత్రం చెప్పను.